బాస్కర్‌విల్: కాగితంతో, సిరాతో కలిసి పుట్టిన అక్షరం

(ప్రసంగ పాఠం)

నమస్కారమండి. ఇక్కడున్నవాళ్లలో చాలామంది పుస్తకాలు కంపోజ్ చేసేవాళ్లు, పేజీలు కట్టి ప్రెస్సుకు పంపేవాళ్లు. అందుకని అక్షరాల చరిత్రంతా తిరగేయకుండా ఒక్క ఇంగ్లీషు టైపును, అంటే ఒక తీరు అచ్చు అక్షరాలను, ముందు పెట్టుకుని కూర్చుందాం. దాని పేరు బాస్కర్‌విల్. మీ కంప్యూటర్లలో ఏదో ఒక రూపంలో ఇది ఉండే ఉంటుంది. "తెర మీద బాగుంది, అచ్చులో వెలిసిపోయినట్టు వచ్చింది" అని దీని మీద తరచూ ఫిర్యాదు వినిపిస్తుంది. ఫిర్యాదు నిజమే. ఈ అక్షరం ఎలాంటి కాగితం మీద, ఎలాంటి సిరాతో పడాలని చెక్కారో తెలుసుకుంటే ఆ ఫిర్యాదుకు కారణమూ దొరుకుతుంది, మందూ దొరుకుతుంది.

ముందు సెరిఫ్ సంగతి. తెలుగువాళ్లకు ఆ మాట వినగానే తలకట్టు గుర్తొస్తుంది. ఆ పోలిక కొంతదూరమే నడుస్తుంది. తలకట్టు అక్షరానికి అవయవం. 'క' మీద తలకట్టు తీసి గుడి పెడితే 'కి' అవుతుంది, పలుకే మారిపోతుంది. ఇంగ్లీషు అక్షరానికి సెరిఫ్ తీసేసినా పలుకు మారదు. నిలువుగీత కింద చిన్న పాదంలా, అడ్డగీత చివర చిన్న కొక్కెంలా ఉండే ఆ కొసనే సెరిఫ్ అంటున్నాం. పలుకు మార్చకపోయినా చదువు మారుస్తుంది. అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి పాదాలు ఆనించి నిలబడితే కంటికి ఒక వరస కనిపిస్తుంది.

రెండో సంగతి, కలం. మన అక్షరాలు తాటాకు మీద గంటం కింద పెరిగాయి. గంటం గీసే గీతకు లావు, సన్నం తేడా పెద్దగా ఉండదు. యూరప్ అక్షరాలు వెడల్పుగా కోసిన పాళీ కింద పెరిగాయి. ఆ పాళీని చేతిలో కొంచెం వాలుగా పట్టుకుంటారు, అందువల్ల గీత ఒక దిక్కుకు పోతే లావుగా, ఇంకో దిక్కుకు పోతే సన్నగా పడుతుంది. ఆ పాళీతో సున్నా రాస్తే దాని సన్నటి చోట్లు సరిగ్గా పైనా కిందా రావు. గడియారం ముల్లుతో చెప్పాలంటే 11 దగ్గర ఒకటి, 5 దగ్గర ఒకటి వస్తాయి. ఫ్రాన్సు గారమాండ్, లండన్ కాస్లన్ టైపులు ఈ వాలును ఉంచుకున్నవే. 18వ శతాబ్దం నాటికి ఇంగ్లండులో రాతబడుల్లో సూదిమొన పాళీ వచ్చింది. దానికి వాలుతో పనిలేదు. ఒత్తితే లావు, వదిలితే సన్నం. ఆ చేతిరాతలో సున్నా సన్నటి చోట్లు దాదాపు 12 దగ్గరకూ 6 దగ్గరకూ జరుగుతాయి. బాస్కర్‌విల్ టైపును గుర్తుపట్టడానికి మొదటి గుర్తు ఇదే. పెద్దబడి (క్యాపిటల్) 'ఓ' చూడండి, దాని నడుం నిటారుగా నిలబడింది.

జాన్ బాస్కర్‌విల్ 1706లో ఇంగ్లండులో, వూస్టర్‌షైర్‌లోని వోల్వర్లీలో పుట్టి, బర్మింగ్‌హామ్‌లో స్థిరపడ్డాడు. మొదట రాత నేర్పే పంతులు, సమాధి రాళ్ల మీద అక్షరాలు చెక్కే పని కూడా చేశాడు. తన పనితనం చూపించడానికి ఆయన చెక్కిన నల్లటి పలక ఒకటి ఇప్పటికీ బర్మింగ్‌హామ్‌లో ఉంది. ఆ తరవాత జపాన్ పూత వ్యాపారంలో దిగాడు. పళ్లేల మీద, పెట్టెల మీద నల్లగా నిగనిగలాడే వార్నిష్ పట్టించే పని అది. అందులో బాగా గడించాడు. 1750 దరిదాపుల్లో, నలభై దాటాక, అచ్చు అక్షరాల వైపు వచ్చాడు. పొట్టకోసం కాదు, అక్షరం మీద ప్రేమతో వచ్చాడు కాబట్టి తొందరపడలేదు. మొదటి పుస్తకం, లాటిన్ మహాకవి వర్జిల్ కావ్యాలు, 1757లో బయటికి వచ్చింది. అంటే ఏడేళ్ల సాధన.

ఆ ఏడేళ్లూ ఒక్క అక్షరాలకే పట్టలేదు. ఈ రోజు నేను గట్టిగా చెప్పాలనుకున్న చోటు ఇది.

అక్షరాల గీతలు ఆయనవి. ఉక్కు పంచ్‌ల మీద వాటిని చెక్కింది జాన్ హాండీ అనే పనివాడు. ఆ పంచ్‌ను రాగి మీద కొట్టి అచ్చుగుంట చేసి, అందులో సీసం పోసి టైపు తీస్తారు. ఇంతవరకూ అందరూ చేసేదే. అయితే సన్నటి గీతను ఎంత సన్నగా చెక్కినా అప్పటి ప్రెస్సులో అది నిలవదు. అప్పటి కాగితం లెయిడ్ కాగితం, అంటే తయారుచేసే అచ్చుచట్రంలో తీగలు వరసగా ఉండటం వల్ల కాగితం మీద చారలు పడేవి. చారల మీద సన్నటి గీత తెగిపోతుంది. కాగితం గుంటల్లోకి కూడా సిరా దిగాలని, ప్రెస్సు పలక కింద మెత్తటి దుప్పటిగుడ్డ పెట్టి, కాగితం తడిపి, టైపును లోపలికి దిగేలా నొక్కేవాళ్లు. అలా నొక్కితే గీత చుట్టూ సిరా పిండుకుని గీత లావవుతుంది. అంటే సన్నగా చెక్కిన శ్రమంతా ప్రెస్సులో పోతుంది.

బాస్కర్‌విల్ ఒక్కొక్కటే సరిచేసుకుంటూ వెళ్లాడు. ప్రెస్సు చెక్కదే, కానీ టైపు కూర్చునే పరుపూ పైనుంచి నొక్కే పలకా ఇత్తడితో కచ్చితమైన సమతలంగా చేయించాడు. కింద గుడ్డ పొరను పల్చగా, గట్టిగా చేశాడు, టైపు కాగితాన్ని తాకి వదిలేలా. సిరా కోసం అవిసె నూనెను బాగా కాచి, నిలవబెట్టి, అందులో మెత్తటి దీపం మసి కలిపాడు. కాటుక పట్టే పద్ధతి చూసినవాళ్లకు ఆ మసి నాణ్యత ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. గరుకు రేణువు ఒక్కటున్నా సన్నగీత దగ్గర మచ్చ పడుతుంది. జపాన్ పూతలో నూనెలతో, నలుపుతో ఆయనకున్న చేతినేర్పు ఇక్కడ పనికొచ్చిందనుకోవచ్చు. కాగితం విషయంలో, కెంట్‌లో జేమ్స్ వాట్‌మన్ తయారుచేసిన వోవ్ కాగితాన్ని వర్జిల్ పుస్తకంలో కొంతభాగానికి వాడాడు. నేసిన ఇత్తడి తీగగుడ్డ మీద పోసిన కాగితం అది, చారలుండవు. చివరగా, అచ్చయిన కాగితాలను కాల్చిన రాగి పలకల మధ్య పెట్టి నొక్కాడు. చీరకు ఇస్త్రీ పెట్టినట్టన్నమాట. కాగితం నున్నబడింది, సిరా నల్లగా మెరిసింది.

ఇన్నీ చేశాక ఆ సన్నగీత నిలిచింది. కాబట్టి బాస్కర్‌విల్ అంటే 26 అక్షరాల బొమ్మలనుకోకండి. ప్రెస్సు, పొర, సిరా, కాగితం, ఇస్త్రీ, వీటన్నిటి లెక్కతో గీసిన గీత అది. లెక్కలో ఒకటి మారితే గీత మారుతుంది.

ఇప్పుడు అక్షరాల్లోకి వెళ్దాం. కాస్లన్ పక్కన పెట్టి చూస్తే మూడు తేడాలు కనిపిస్తాయి. లావుకూ సన్నానికీ మధ్య తేడా ఎక్కువ. సెరిఫ్‌లు పదునుగా, కిందివైపు చదునుగా ఉంటాయి, కానీ నిలువుగీతతో కలిసే చోట చిన్న వంపు మిగిలే ఉంటుంది. ఇటలీలో బొదోని చివరికి ఆ వంపును కూడా తీసేసి సెరిఫ్‌ను వెంట్రుకంత చేశాడు. బాస్కర్‌విల్ అంత దూరం పోలేదు. అందుకే దీన్ని పాత తరహాకూ ఆధునిక తరహాకూ మధ్యలో పెట్టి ట్రాన్సిషనల్ అంటారు. నాకు ఆ పేరు అంతగా నచ్చదు, ఎటో పోతూ దారిలో ఆగినట్టు వినిపిస్తుంది. ఈ టైపు తను నిలబడాలనుకున్న చోటే నిలబడింది. మూడో తేడా వెడల్పు. గుండ్రటి అక్షరాలు నిజంగానే గుండ్రంగా, తీరిగ్గా కూర్చుంటాయి. ఆ తీరిక వల్లే పేజీకి వెలుగు వస్తుంది. ఆ తీరిక వల్లే చోటు కూడా ఎక్కువ తింటుంది.

విడివిడి అక్షరాల్లో ముందు చిన్నబడి (స్మాల్ లెటర్) 'జీ' చూడండి. దాని కింది గుండ్రం పూర్తిగా మూసుకోదు, ఎడమవైపు చిన్న ఖాళీ వదులుతుంది. పెద్దబడి 'క్యూ' తోక రాతపంతులు చేతి విసురులా బయటికి సాగుతుంది. పెద్దబడి 'ఈ' కింది చేయి పైచేతికన్నా పొడవు. 'సీ'కి పైనా కిందా రెండుచోట్లా సెరిఫ్ ఉంటుంది. పెద్దబడి 'ఏ' కొస మొనదేలి ఉంటుంది. పెద్దబడి 'జే' అక్షరాలు నిలబడే వరస కిందికి దిగుతుంది. 'డబ్ల్యూ' మధ్య శిఖరానికి సెరిఫ్ ఉండదు. ఇటాలిక్‌లోనైతే, అంటే పక్కకు వాలిన రూపంలో, 'జే', 'క్యూ', 'టీ', 'వై' పెద్దబడి అక్షరాల్లో సూదిమొన పాళీ వంపులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నకలు ఫాంటు చేతికొచ్చినప్పుడు ముందు 'జీ', తరవాత 'క్యూ', ఆ తరవాత ఇటాలిక్ 'టీ' చూస్తే చాలు, మూలానికి ఎంత దగ్గరో తెలిసిపోతుంది.

ఆయన శీర్షిక పేజీలు కూడా చూడాలి. పూలచట్రాలు లేవు, చెక్కబొమ్మలు లేవు. పెద్దబడి అక్షరాలను ఎడంఎడంగా పేర్చి, చుట్టూ తెల్లకాగితం వదిలేశాడు. అప్పటి అచ్చుపనికి ఇది కొత్త. ఇందులోంచి మనం నేరుగా తీసుకోదగిన పాఠం ఒకటుంది. బాస్కర్‌విల్ పెద్దబడి అక్షరాలను శీర్షికగా వాడితే ట్రాకింగ్, అంటే అక్షరాల మధ్య ఎడం, కలపాలి. పేజీలు కట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో 50 నుంచి 100 వరకు ఇచ్చి చూడండి. చిన్నబడికి మాత్రం ఎడం కలపకండి, మాట విడిపోతుంది.

1758లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం ఆయన్ను తమ ముద్రాపకుల్లో ఒకడిగా తీసుకుంది. 1763లో అక్కడి నుంచి పెద్ద సైజు బైబిల్ వచ్చింది, ఆయన పనిలో దాన్నే శిఖరంగా చెప్తారు. డబ్బు మాత్రం రాలేదు. సొంత దేశంలోనే కొందరు ఈ అక్షరాలు కళ్లకు చేటన్నారు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1760లో ఆయనకు రాసిన ఉత్తరంలో ఒక ముచ్చట ఉంది. ఒక పెద్దమనిషి బాస్కర్‌విల్ అక్షరాలు దేశంలో చదివేవాళ్లందరినీ గుడ్డివాళ్లను చేస్తాయన్నాడట. ఫ్రాంక్లిన్ కాస్లన్ నమూనా కాగితం తీసుకుని, పైనున్న పేరు చింపేసి, ఇదే బాస్కర్‌విల్ అని చూపించాడు. ఆ పెద్దమనిషి అందులో వరసపెట్టి తప్పులు చూపించాడట, కళ్లు నొప్పెడుతున్నాయని కూడా అన్నాడట. ముచ్చట సరదాగా ఉన్నా అందులో కొంచెం నిజం కూడా ఉంది. నున్నటి కాగితం మీద కాటుక నలుపు, పక్కనే సన్నటి గీత, ఇవి అప్పటి కంటికి అలవాటు లేనివి. ఇప్పుడు మెరిసే ఆర్ట్ పేపర్ మీద ఇదే టైపు పొడవైన వ్యాసానికి వాడితే ఆ ఇబ్బంది మళ్లీ వస్తుంది.

1775లో ఆయన చనిపోయాడు. 1779లో ఆయన భార్య సారా పంచ్‌లను, టైపును ఫ్రెంచి నాటకకర్త బోమార్షేకి అమ్మింది. ఫ్రెంచి రచయిత వోల్టేర్ సమస్త రచనలు అచ్చువేయడానికి ఆయన వాటిని కొన్నాడు. ఫ్రాన్సులో ఆ పుస్తకాలకు ఆటంకం ఉండటంతో రైన్ నదికి అవతల, కేల్‌లో ప్రెస్సు పెట్టాడు. అక్కడి నుంచి పంచ్‌లు ఫ్రాన్సులో చేతులు మారుతూ, 1953లో డెబెర్నీ ఎ పెనో సంస్థ బహుమతిగా ఇవ్వగా కేంబ్రిడ్జ్ చేరాయి. ఈలోగా ఇంగ్లండులో మోనోటైప్ కంపెనీ 1923లో యంత్రం కంపోజింగ్ కోసం ఈ టైపును తిరిగి గీసింది. మనం ఇవాళ బాస్కర్‌విల్ అని పిలుస్తున్నదాని ముఖం చాలామట్టుకు ఆ 1923 ముఖమే. బర్మింగ్‌హామ్ సెంటినరీ స్క్వేర్‌లో వర్జిల్ పేరును రాతిస్తంభాలుగా, అచ్చు పంచ్‌ల్లా తిరగేసి నిలబెట్టారు. అక్షరాలు చెక్కిన మనిషికి అంతకన్నా తగిన స్మారకం ఊహించలేను.

ఇక పనిలోకి వద్దాం. మీ దగ్గరున్న బాస్కర్‌విల్ ఏది?

విండోస్‌లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌తో వచ్చేది బాస్కర్‌విల్ ఓల్డ్ ఫేస్. ఇది ఆయన చెక్కించింది కాదు. ఆయన టైపును చూసి బ్రిస్టల్‌లో ఫ్రై ఫౌండ్రీ (టైపు పోతపోసే సంస్థ) కోసం ఐజాక్ మూర్ చెక్కినదానికి వారసుడు. లావు సన్నాల తేడా ఇంకా ఎక్కువ, సన్నగీతలు మరీ సన్నం. శీర్షికలకు చాలా అందమైనది. దీనిలో ఉన్నది ఒక్క రెగ్యులర్ మాత్రమే. ఇటాలిక్ లేదు, బోల్డు లేదు. వర్డ్‌లో మీరు ఇటాలిక్ మీట నొక్కితే సాఫ్ట్‌వేర్ ఆ నిటారు అక్షరాన్నే పక్కకు వంచేస్తుంది, బోల్డు నొక్కితే అంచులు ఉబ్బిస్తుంది. ఇటాలిక్ 'ఏ' రూపం నిటారు 'ఏ' లాగే వంగి కనిపిస్తే అది నకిలీ ఇటాలిక్ అని తెలుసుకోండి. నిజమైన ఇటాలిక్‌లో చిన్నబడి 'ఏ' చేతిరాతలోలా ఒకే గుండ్రం. పుస్తకం లోపలి పేజీలకు ఈ ఫాంటు పనికిరాదు.

మ్యాక్‌లో వచ్చే బాస్కర్‌విల్‌లో రెగ్యులర్, సెమీబోల్డు, బోల్డు, మూడింటికీ ఇటాలిక్‌లు ఉన్నాయి. పుస్తకానికి ఇది సరిపోతుంది. ఐటీసీ న్యూ బాస్కర్‌విల్‌లో కూడా లావు మెట్లు ఎక్కువే. వెబ్‌సైటుకైతే లిబ్రే బాస్కర్‌విల్ ఉంది, ఉచితం. పాబ్లో ఇంపల్లారి దాన్ని తెర మీద చదవడం కోసమే గీయించాడు. చిన్నబడి ఎత్తు పెంచారు, లోపలి ఖాళీలు వెడల్పు చేశారు, లావు సన్నాల తేడా కొంచెం తగ్గించారు. 16 పిక్సెళ్ల దగ్గర హాయిగా చదవొచ్చు. దాన్నే తెచ్చి 11 పాయింట్లలో (పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు) పుస్తకం కూర్చితే అక్షరాలు మరీ పెద్దగా, వెడల్పుగా అనిపిస్తాయి, పేజీలు పెరుగుతాయి. 1996లో జుజానా లిచ్కో గీసిన మిసెస్ ఈవ్స్ కూడా ఈ కుటుంబమే. సారా మొదటి భర్త ఇంటిపేరు మీద దానికా పేరు పెట్టారు. చిన్నబడి ఎత్తు బాగా తక్కువ. పుస్తకం అట్టకు, ఆహ్వానానికి శోభనిస్తుంది, నవల మొత్తానికి కష్టం.

వెలిసిపోవడం ఎందుకో ఇప్పుడు లెక్క వేద్దాం. సీసం టైపు కాగితాన్ని నొక్కినప్పుడు సిరా కొంచెం పక్కలకు పాకి గీత కాస్త బలపడేది. మోనోటైప్ వాళ్లు ఆ పాకుడును లెక్కలో పెట్టుకుని టైపును సన్నగా ఉంచారు. తరవాత కంప్యూటర్‌కు మార్చినప్పుడు చాలాచోట్ల టైపు ఆకారాన్నే తీసుకున్నారు. ఇప్పటి ఆఫ్‌సెట్ అచ్చులో సిరా ప్లేటు నుంచి రబ్బరు మీదికి, అక్కడి నుంచి కాగితం మీదికి ఎక్కుతుంది, టైపు కాగితాన్ని నొక్కదు. అందుకని లోహంలో ఎంత సన్నమో అంతే సన్నంగా మిగిలిపోతుంది. పైగా పెద్ద సైజు చూసి గీసినది చిన్న సైజుకు కుదిస్తే గీత ఇంకా సన్నబడుతుంది. సీసం రోజుల్లో ఒక్కో సైజుకు ఒక్కో పంచ్ చెక్కేవాళ్లు కాబట్టి చిన్న సైజుల్లో గీత లావుగా ఉంచుకునేవాళ్లు.

ఫాంటు సైజులో సన్నగీత నూటికి మూడు వంతులనుకుందాం. 10 పాయింట్ల దగ్గర అది 0.3 పాయింటు, అంటే ఒక మిల్లీమీటరులో పదోవంతు. అంగుళానికి 600 చుక్కలు వేసే లేజర్ ప్రింటరులో రెండు మూడు చుక్కలు వస్తాయి, ఫరవాలేదు. 6 పాయింట్ల ఫుట్‌నోటులో ఒకటిన్నర చుక్క. కొన్నిచోట్ల పడుతుంది, కొన్నిచోట్ల తెగుతుంది. తెర మీద 16 పిక్సెళ్ల దగ్గర సగం పిక్సెలు. కంప్యూటరు సగం పిక్సెలు వెలిగించలేదు కాబట్టి బూడిదరంగు వేస్తుంది. మీకు వెలిసినట్టు కనిపించేది ఆ బూడిదరంగే.

కాబట్టి కాగితం ఎంచుకోండి. పుస్తకానికి 70 లేదా 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) మ్యాప్‌లిథో అనే పూత లేని కాగితం, కొంచెం పసుపు ఛాయ ఉన్నదైతే ఇంకా మంచిది. పూత లేని కాగితం సిరాను కొద్దిగా తాగి గీతను బలపరుస్తుంది. న్యూస్‌ప్రింట్ మరీ ఎక్కువ తాగి గీతల మధ్య ఖాళీలు పూడ్చేస్తుంది, అక్కడ ఇది వద్దు. డెమీ సైజు పుస్తకంలో, 5.5 అంగుళాల వెడల్పు పేజీకి, వరస పొడవు 4 అంగుళాలు, టైపు 11 పాయింట్లు, లెడ్డింగ్, అంటే ఒక వరస నుంచి కింది వరసకు దూరం, 14.5 లేదా 15. వరసకు 60 అక్షరాల దరిదాపు పడతాయి. లెడ్డింగ్ 13కు దించితే ఈ టైపు గాలాడక నలిగిపోతుంది.

రంగుపేజీల్లో ఒక ప్రమాదం ఉంది. వాక్యాలను నాలుగు రంగుల సిరాలు కలిపిన నలుపులో పెడితే ప్లేట్లు వెంట్రుకంత జరిగినా సన్నగీత చుట్టూ రంగు నీడ వస్తుంది. అక్షరాలు ఒక్క నలుపు ప్లేటులోనే, నూటికి నూరు ఉండాలి, ఓవర్‌ప్రింట్‌లో, అంటే కింది రంగును తొలగించకుండా దాని మీదే పడేలా. నల్లటి నేల మీద తెల్లక్షరాలు పెడితే చుట్టూ ఉన్న సిరా లోపలికి పాకి సన్నగీతలను మింగేస్తుంది. తప్పనిసరైతే సెమీబోల్డు తీసుకుని, 12 పాయింట్లకు తగ్గకండి.

ఇప్పుడు తెలుగుతో కలిపి వాడటం. మనలో ఎక్కువమందికి నిత్యం పడే ఇబ్బంది ఇదే. వ్యాసం తెలుగులో, మధ్యలో ఇంగ్లీషు పేర్లు, అంకెలు. ఒకే పాయింటు సంఖ్య ఇచ్చినా రెండూ ఒకే ఎత్తున రావు. 'న', 'ప' లాంటి, పైన గుడి, కింద వత్తు లేని తెలుగు అక్షరం ఎత్తు చూడండి. అది బాస్కర్‌విల్ చిన్నబడి 'ఎక్స్' కన్నా కొంచెం ఎక్కువ, పెద్దబడి అక్షరం కన్నా తక్కువ ఉండాలి. అలా కుదిరే దాకా ఇంగ్లీషు సైజును అరపాయింటు చొప్పున మార్చుకోండి. లెడ్డింగ్ మాత్రం తెలుగే నిర్ణయిస్తుంది. 'రాష్ట్రం', 'స్త్రీ' లాంటి మాటల వత్తులు కింది వరస గుడిని తాకకూడదు. అదృష్టవశాత్తు బాస్కర్‌విల్‌కు ఎక్కువ లెడ్డింగ్ ఎప్పుడూ చేటు చేయదు.

నలుపు కూడా కలవాలి. మన ఫాంటుల్లో గీత లావు అన్నివైపులా దాదాపు సమానం. దాని పక్కన బాస్కర్‌విల్ పాలిపోతుంది. రెండు మార్గాలున్నాయి, తెలుగు ఫాంటులో తేలిక బరువుది ఎంచుకోవడం, లేదా ఇంగ్లీషుకు కొంచెం లావు రూపం తీసుకోవడం. మొదటిదే మేలు. ప్రూఫు కాగితాన్ని చేతిదూరంలో పట్టుకుని కళ్లు సగం మూసి చూడండి. ఇంగ్లీషు మాటలు ఉన్న చోట రంధ్రాల్లా వెలుగు కనిపిస్తే బరువు కలవలేదన్నమాట.

ఇన్‌డిజైన్‌లో ప్రతి ఇంగ్లీషు మాటనూ చేత్తో మార్చకండి. పేరాగ్రాఫ్ స్టైల్‌లో గ్రెప్ స్టైల్ (ఫలానా రకం అక్షరాలను వెతికి రూపం మార్చే ఏర్పాటు) పెట్టి, ఇంగ్లీషు అక్షరాలకు తనంతట తనే బాస్కర్‌విల్ పట్టేలా చేయండి. తెలుగు లాంటి లిపులను సరిగ్గా కూర్చే వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే తెలుగు వత్తులు చెదిరిపోతాయి, అది మరవద్దు. ఇక్కడ ఎక్కువమంది చూడని చిక్కు ఒకటుంది. ఫాంటులోనే ఉండే కెర్నింగ్, అంటే పక్కపక్క అక్షరాల మధ్య ఎడం సర్దుబాటు, రెండు ఫాంటుల మధ్య పనిచేయదు. ఇంగ్లీషు మాట 'ఎఫ్'తో ముగిసి, వెంటనే 'కి' అనో 'లో' అనో విభక్తి వస్తే, 'ఎఫ్' పైకొక్కెం ఆ తెలుగు అక్షరం గుడికో తలకట్టుకో తగులుతుంది. ఇటాలిక్‌లో మరీ. అక్కడ హెయిర్ స్పేస్ (అతి సన్నటి ఖాళీ) ఒకటి పెట్టండి. 'ఎఫ్' తరవాత ప్రశ్నార్థకం, కుండలీకరణం వచ్చినా అంతే. 'ఎఫ్', 'ఐ' పక్కపక్కన వచ్చినప్పుడు చుక్క, కొక్కెం గుద్దుకోకుండా లిగేచర్లు (కలిపి గీసిన జంట అక్షరాలు) ఆన్ చేసి ఉంచండి.

పుస్తకాల పేర్లకు ఇంగ్లీషులో ఇటాలిక్ వాడతారు. అదే స్టైల్ తెలుగు పేర్లకు తగిలిస్తే సాఫ్ట్‌వేర్ తెలుగు అక్షరాన్ని వంచుతుంది. తెలుగుకు ఆ సంప్రదాయం లేదు, వంచిన గుండ్రాలు వికారంగా ఉంటాయి. తెలుగు పేర్లకు కోట్ గుర్తులు చాలు.

వెబ్‌లో ఫాంటుల వరసలో బాస్కర్‌విల్ ముందు, తెలుగు వెనక పెడతాం. అప్పుడు కామాలు, చుక్కలు, కోట్ గుర్తులు, చివరికి మాటల మధ్య ఖాళీ కూడా బాస్కర్‌విల్‌వే వస్తాయి. తెలుగు వాక్యం మధ్య ఖాళీ ఇరుకుగా అనిపిస్తే కారణం అదే. తెలుగు ముందు పెడితే దాన్లోనే ఉన్న ఇంగ్లీషు అక్షరాలు వచ్చేసి బాస్కర్‌విల్ కనిపించదు. ఫాంటును ప్రకటించే చోట యూనికోడ్ రేంజ్ రాసి, ఇంగ్లీషు అక్షరాలకూ అంకెలకూ మాత్రమే బాస్కర్‌విల్ అని కట్టడి చేస్తే రెండు బాధలూ తీరతాయి. అక్కడే సైజ్ అడ్జస్ట్ అని ఒక శాతం ఇవ్వొచ్చు, ఎత్తులు కలపడానికి.

ఎక్కడ వాడొచ్చు? కవిత్వం, నవల, జీవితచరిత్ర, యోగ్యతాపత్రం, శుభలేఖ. కెనడా ప్రభుత్వం తన దేశం పేరును కొద్దిగా మార్చిన బాస్కర్‌విల్‌లోనే గుర్తుగా వాడుతుంది. 2012లో అమెరికా దర్శకుడు ఎరల్ మోరిస్ న్యూయార్క్ టైమ్స్ వెబ్‌సైటులో ఒకే మాటను ఆరు ఫాంటుల్లో పాఠకులకు చూపించి నమ్ముతారా అని అడిగాడు. బాస్కర్‌విల్‌లో చదివినవాళ్లు కాస్త ఎక్కువగా నమ్మారు. తేడా చాలా చిన్నది, దాన్ని పట్టుకుని ఈ ఫాంటు పెడితే జనం నమ్మేస్తారని అనుకోవద్దు. దారి సూచికలకు, దరఖాస్తు ఫారాలకు, ఫోను యాప్ మీటలకు మాత్రం దీన్ని లాక్కురాకండి.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: అధ్యాయాల పేర్లకు బోల్డు పెట్టొచ్చా అండి?)

పెట్టొచ్చు. కాకపోతే బాస్కర్‌విల్ కాలానికి బోల్డు అనేదే లేదు, అది తరవాత అతికించింది. అందుకే రెగ్యులర్‌కూ బోల్డుకూ చుట్టరికం కొంచెం పలచన. అధ్యాయం పేరు 16 పాయింట్ల రెగ్యులర్‌లో పెట్టి, కింద రెండు వరసల ఖాళీ వదలండి. ఉపశీర్షికలకు ఇటాలిక్ లేదా ఎడంగా పేర్చిన స్మాల్ క్యాప్స్, అంటే చిన్నబడి ఎత్తున ఉండే పెద్దబడి అక్షరాలు. స్మాల్ క్యాప్స్ ఫాంటులో నిజంగా ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే సాఫ్ట్‌వేర్ పెద్దబడిని కుదిస్తుంది, గీతలు కూడా కుదించుకుపోయి పక్క అక్షరాలకన్నా పాలిపోతాయి.

(మరొకరు: టైమ్స్ టైపులో ఉన్న పుస్తకాన్ని దీన్లోకి మారిస్తే పేజీలు ఎన్ని పెరుగుతాయండి? ప్రెస్సువాళ్లు ఫారాల లెక్క అడుగుతారు.)

పెరుగుతాయి. టైమ్స్ టైపు దినపత్రికలో చోటు కలిసొచ్చేలా గీసింది, ఇది తీరిక కోసం గీసింది. అంచనా వేయకండి, ఒక మామూలు అధ్యాయం రెండింట్లోనూ పూర్తిగా పేజీలు కట్టి లెక్క పెట్టండి, ఆ నిష్పత్తితో పుస్తకం మొత్తం వేసుకోండి. 16 పేజీల ఫారం (ఒకే కాగితం మీద అచ్చయి మడతపడే పేజీల కట్ట) దాటి నాలుగైదు పేజీలు మిగిలిపోతే లెడ్డింగ్ కోయకండి. ముందు వరస పొడవు ఒకటి రెండు మిల్లీమీటర్లు పెంచి చూడండి. తరవాత పేజీకి ఒక వరస కలపండి. అప్పటికీ కుదరకపోతే సైజు 11 నుంచి 10.5కు దించి, లెడ్డింగ్ 14.5 దగ్గరే ఉంచండి. ఆ మార్పుతో ఒక్క ఫారం ప్రూఫు అసలు కాగితం మీదే తీయించి, ఫుట్‌నోట్లలో సన్నగీతలు నిలిచాయో లేదో భూతద్దంతో చూసి, అప్పుడు మిగతావి పంపండి.